సింగపూర్‌లో మ్యూజికల్: ఎక్కడ కూర్చోవాలి, ఎక్కడ దిగాలి

సింగపూర్‌కి వచ్చే పెద్ద మ్యూజికల్స్, అంటే పాటలతో సాగే నాటకాలు, ఎక్కువగా రెండు చోట్ల ఆడతాయి: మరీనా బే శాండ్స్ హోటల్‌లోని శాండ్స్ థియేటర్, 2002లో తెరిచిన ఎస్‌ప్లనేడ్. ఒక్కోదాంట్లో దాదాపు 2,000 సీట్లు. లయన్ కింగ్ (2011, 2018), హామిల్టన్ (2024) శాండ్స్‌లో ఆడాయి. లే మిజరాబ్ 2016లో ఎస్‌ప్లనేడ్‌కి వచ్చింది. కొన్ని వారాలే ఉంటాయి కాబట్టి శని, ఆదివారాల టికెట్లు ముందే అయిపోతాయి. వారం మధ్యలో వెళ్లగలిగితే మంచి సీటు దొరికే అవకాశం ఎక్కువ. సోమవారం సాధారణంగా ఆట ఉండదు.

ఖరీదైన సీటే మంచి సీటనుకుంటే డబ్బు దండగ. ఏ ఆటకి వెళ్తున్నామన్నదాన్ని బట్టి సీటు ఎంచుకోవాలి. లయన్ కింగ్‌కి కింది అంతస్తులో నడవ పక్క సీటు తీసుకోండి. మొదటి పాటలోనే జంతువులు ప్రేక్షకుల మధ్య నుంచి నడిచి వేదికెక్కుతాయి. ఆ పాట అయ్యేదాకా ఆలస్యంగా వచ్చినవాళ్లని లోపలికి పంపరు, అంటే ఐదు నిమిషాల ఆలస్యానికి ఆటలోని గొప్ప దృశ్యం పోయినట్టే. హామిల్టన్ దీనికి పూర్తిగా వ్యతిరేకం. వేదిక మధ్యలో ఒకదానిలో ఒకటిగా రెండు తిరుగుడు చక్రాలుంటాయి, వాటి మీద నటుల కదలికల అందం పైనుంచే తెలుస్తుంది. బాల్కనీ మధ్యలో ముందు వరుసలు చాలు. పాటలు మాత్రం ముందే ఒకటి రెండుసార్లు విని వెళ్లండి, ఆ వేగంలో మొదటిసారి మాటలు అందవు. ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా అనే మ్యూజికల్‌లో ప్రేక్షకుల తలల పైన వేలాడే షాండ్లియర్, అంటే పెద్ద దీపాల గుత్తి, ఉంది. కింద బాగా వెనక, బాల్కనీ చూరు కింద కూర్చుంటే అది సరిగా కనబడదు.

మొట్టమొదటి వరుస దేనికీ వద్దు. సురభి నాటకాలు చూసినవాళ్లకి తెలుసు, మరీ దగ్గరైతే మాయ కన్నా తీగలే ముందు కనిపిస్తాయి.

ఎస్‌ప్లనేడ్ హాలు గుర్రపు లాడం ఆకారంలో ఉంటుంది. పై అంతస్తుల్లో పక్క సీట్లు చవక, కానీ వేదికలో ఒక వైపు కోత పడుతుంది, మెడ తిప్పుకునే చూడాలి. పిల్లలతో వెళ్తే పై అంతస్తుల మొదటి వరుస కూడా వద్దు, రెయిలింగ్ వాళ్ల కళ్లకి అడ్డొస్తుంది. ఎంత వయసు పిల్లల్ని రానిస్తారన్నది ఆటని బట్టి మారుతుంది, కొనేముందే చూసుకోండి.

టికెట్లు థియేటర్ సైట్‌లోగానీ, టికెట్లమ్మే సిస్టిక్ సైట్‌లోగానీ కొనండి. వెతికితే పైన కనబడే రీసేల్ సైట్లలో అదే సీటు చాలా ఎక్కువ ధర పలకొచ్చు. బుకింగ్ ఫీజు చివరి పేజీలో కలుస్తుంది.

ఆట కోసం మరీనా బే శాండ్స్‌లోనే గది తీసుకోవడం అనవసరం, ఆ డబ్బుతో ఇంకో ఆట చూడొచ్చు. లిటిల్ ఇండియాలో ఏదైనా హోటల్‌లో దిగండి. శాండ్స్ పక్కనున్న బేఫ్రంట్ స్టేషన్ నుంచి డౌన్‌టౌన్ లైన్ మెట్రోలో ప్రోమెనేడ్, బుగిస్, రోచోర్ దాటగానే అదే, రైలు మారక్కర్లేదు. చవక హోటళ్లలో కిటికీ లేని గదులు చాలా ఉంటాయి, బుక్ చేసేటప్పుడే అడగండి. ఆదివారం సాయంత్రం ఆ వీధుల్లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం, అరగంట ముందే బయల్దేరాలి. 1947 నాటి కోమల విలాస్ సెరంగూన్ రోడ్డు మీదే ఉంది. టిఫిన్ ఆటకి ముందే కానివ్వండి, తర్వాతైతే మూసేసి ఉండొచ్చు.

రాత్రి 8కి మొదలైన హామిల్టన్ పదకొండుకి కాస్త ముందు ముగుస్తుంది. ట్యాక్సీ క్యూ కన్నా రైలే నయం, ఆఖరి రైలు అర్ధరాత్రి ప్రాంతంలో. ఎస్‌ప్లనేడ్ నుంచైతే సిటీలింక్ మాల్ మీదుగా నేల కిందే సిటీ హాల్ స్టేషన్‌కి నడవొచ్చు. రెండు చోట్లా ఏసీ చలి గట్టిగానే ఉంటుంది, శాలువా ఉంచుకోండి.

మలేషియాలో ఉంటూ వచ్చేవాళ్లకి ఒక మాట. అక్కడి వర్క్ పాస్ ఉన్నా భారతీయ పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాల్సిందే. రాక వివరాలిచ్చే అరైవల్ కార్డు ఉచితం, సింగపూర్ చేరే రోజుతో కలిపి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. వీసా చేతికొచ్చాకే ఆట టికెట్ కొనండి. వీసా రాలేదంటే డబ్బు వెనక్కివ్వరు.