ఆడదో మగదో చెప్పేది తోకే: రష్యన్ తాబేళ్లతో మా అనుభవం

డాలస్‌లో మా ఇంట్లో రష్యన్ జాతి నేల తాబేళ్లు చాలా ఏళ్లుగా ఉన్నాయి. ఆడా మగా పోల్చుకోవడానికి జనం చెప్పే గుర్తులన్నీ వాటి మీద చూశాను, నా మార్కులు మాత్రం తోకకే.

మగదాని తోక పొడుగ్గా, మొదట్లో లావుగా ఉంటుంది, దాన్ని డిప్ప కింద ఓ పక్కకి మడిచి పెట్టుకుంటుంది. ఆడదానిది పొట్టిగా, మొద్దుగా ఉంటుంది. మలద్వారం మగదానికి తోక చివరి వైపు పొడుగాటి చీలికలా, ఆడదానికి డిప్పకి బాగా దగ్గరగా కనిపిస్తుంది. చేతిలోకి తీసుకోగానే తోక లోపలికి ముడుచుకుంటుంది, దయచేసి లాగకండి. గడ్డం మునగనంత గోరువెచ్చని నీళ్లలో కూర్చోబెడితే కాసేపటికి కాళ్లూ తోకా అదే బయటికి చాపుతుంది, అప్పుడు తీరిగ్గా చూసుకోవచ్చు.

పొట్ట చిప్ప గుంటగా ఉంటే మగది అంటారు కదా, ఆ గుర్తు సల్కాటా, రెడ్‌ఫుట్ అనే వేరే తాబేలు జాతులు, మన నక్షత్ర తాబేలు (ఇండియాలో దాన్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం, ఆ జోలికి పోవద్దు) లాంటి వాటికి బాగానే పనికొస్తుంది కానీ, రష్యన్ మగవాటికి పొట్ట దాదాపు చదునే, దీన్ని నమ్ముకుంటే ఇంట్లో అన్నీ ఆడవే అనిపిస్తాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కడం కూడా రుజువు కాదు, పెత్తనం కోసం ఆడవీ ఎక్కుతాయి.

డిప్ప 4, 5 అంగుళాలు వచ్చేదాకా పైకి చూసి చెప్పడం కష్టం. గుడ్డు పొదిగేటప్పటి వేడిని బట్టి ఆడో మగో తేలుతుంది, వేడి ఎక్కువైతే ఆడవి పుడతాయి. అందుకే అమ్మేవాళ్లు చిన్న తాబేలు పిల్లని చూపించి 'ఆడదే, గ్యారంటీ' అంటే ఎక్కువ డబ్బులు పెట్టకండి.

ఇదంతా ఎందుకంటే, రెండు మగవాటిని ఒకే చోట ఉంచితే కాళ్లు రక్తం వచ్చేలా కొరుక్కుంటాయి. ఆడది మగతోడు లేకపోయినా గుడ్లు పెడుతుంది, దానికి లోతైన తడి మట్టి కావాలి, దొరక్కపోతే గుడ్లు లోపలే ఇరుక్కుని ప్రాణం మీదికొస్తుంది. మాది ఓసారి తిండి మానేసి, మూలమూలకీ వెళ్లి వెనక కాళ్లతో గీరుతూ తిరిగింది. ఆడదని ముందే తెలుసు కాబట్టి మలబద్ధకమేమో అని కూర్చోకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం, ఎక్స్‌రేలో గుడ్లు స్పష్టంగా కనిపించాయి.