ఉదయగిరి కొయ్య స్పూన్లు కొనడానికి పోయాం, మా రివ్యూ

సంక్రాంతి అయిన వారానికి మేం ఐదుగురం నెల్లూరు నుంచి ఉదయగిరి పోయొచ్చాం. నేను, మా ఆయన, మా మరిది, తోడికోడలు, మా పాప. దుర్గం ఎక్కాలని మగవాళ్ల ఆశ, కొయ్య స్పూన్లు చేసేవాళ్లని చూడాలని నా ఆశ. రెండూ అయినాయి గానీ ఈ రివ్యూ మాత్రం స్పూన్ల గురించే రాస్తున్నా, దుర్గం గురించి మధ్యలో కొంచెం వస్తుంది. ఐదుకి ఐదు ఇస్తున్నా. ఆ పూట ఒక తప్పు జరిగింది, అది మా వల్ల జరిగింది, అది కూడా చెప్తా.

షాపు పేరేందని ముందే అడుగుతారు, అందుకే చెప్తున్నా, పేరు రాయట్లేదు. ఎందుకంటే అది బోర్డు పెట్టుకున్న షాపు కాదు, ఇల్లు. వరండాలో పని, లోపల గదిలో బీరువా, ఆ బీరువాలో సరుకు. ఆ వీధుల్లో ఇట్టాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయి, నేను ఒక్క ఇంటి పేరు రాస్తే చదివినోళ్లంతా ఆ ఒక్క గడపకే పోతారు, పక్కింట్లో అదే పని అంతే బాగా చేసే ఆమె అట్టనే కూర్చునుంటుంది. ఊర్లోకి పోయి కొయ్య స్పూన్లు చేసేవాళ్లు ఎక్కడ అంటే ఎవరైనా చూపిస్తారు, మాకు టీ అంగడి అన్న చూపించాడు. రెండు మూడు ఇళ్లు తిరగండి, తలా కొంచెం కొనండి. మేం మూడిళ్లకి పోయాం, ఎక్కువసేపు కూర్చుంది మాత్రం ఒక ఆపా దగ్గర, ముస్లింల ఇళ్లలో అక్కని అట్టా పిలుస్తారు.

దారి అంటే బుచ్చి, సంగం, ఆత్మకూరు మీదుగా పోవాలి, సుమారు వంద కిలోమీటర్లు. కారులో పోయాం గానీ ఆర్టీసీ బస్సులున్నాయి, నెల్లూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరితే హాయిగా పోయి రావచ్చు. మళ్లీ పోతే నేను బస్సులోనే పోతా, ఆ సన్న వీధుల్లో కారు పెట్టడానికి చోటు లేక ఒకళ్ల ఇంటి వాకిలికి అడ్డం పెట్టాల్సి వచ్చింది, పెట్టినంతసేపూ నాకు మనసు మనసులో లేదు.

అసలు నాకు ఈ ఆశ ఎట్ట పుట్టిందంటే, రెండేళ్ల కింద వేరే ఊర్లో ఒక ఎగ్జిబిషన్‌లో "ఉదయగిరి హ్యాండ్‌మేడ్" అని చీటీ పెట్టి అమ్ముతుంటే ఆరు స్పూన్లు కొన్నా. మన జిల్లా సరుకు కదా అని అడిగినంత ఇచ్చేశా. వేడి సాంబారులో పెట్టగానే ఒకటే వార్నిష్ వాసన, నెల తిరక్కుండా పైపూత పొట్టులాగా లేచిపోయింది. ఈసారి పోయేటప్పుడు అందులో ఒకటి బ్యాగులో వేసుకొని పోయి ఆపాకి చూపించా. ఆమె చేతిలోకి తీసుకొని తిరగేసి, బొటనవేలితో వెనకవైపు ఒక్కసారి నిమిరి, "ఇది మాది కాదమ్మా, ఇది మిషను" అంది. అంతే, ఎవర్నీ తిట్టలేదు, ఇంకో మాట అనలేదు. బీరువాలోంచి ఆమె చేసినవి రెండు తీసి నా చేతిలో పెట్టింది. చూస్తే తెలుస్తుంది, రెండూ ఒకే సైజు స్పూన్లు గానీ ఒకదాని మెడ ఒక వెంట్రుక వాసి లావు, వెనకవైపు వెలుతురుకి వంచి పట్టుకుంటే ఆకురాయి తగిలిన సన్న గీతలు కనపడతాయి. పూత లేదు, కొయ్య రంగే రంగు. నేను ఎగ్జిబిషన్‌లో కొన్న ఆరూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉండేవి, ఒకేలా ఉండటమే బాగుంది అనుకున్నా అప్పుడు.

ఉదయగిరి కొయ్య కట్లరీకి జీఐ గుర్తింపు ఉంది, అంటే ఆ పేరు వేరే చోట చేసిన సరుకుకి పెట్టుకోకూడదు. కానీ చీటీ అంటించే వాళ్లని ఎవరు పట్టుకుంటారు? మనం ఊరికి పోయి చేసేవాళ్ల దగ్గర కొంటే ఆ బాధే ఉండదు, డబ్బులు కూడా మధ్యలో ఎవరి చేతుల్లోనూ ఆగవు.

ఇక పని గురించి. ఆపా చాప మీద కూర్చొని, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య కొయ్య ముక్కని బిగబట్టి, ఎడం చేత్తో తిప్పుతూ కుడి చేత్తో ఆకురాయి ఆడిస్తుంది. ముందు బాడిశతో మోటుగా చెక్కుతారు, తర్వాత రంపం, ఉలి, తర్వాత గంటలకి గంటలు ఆకురాయే, చివరికి ఉప్పుకాగితం. పొడి రాలి ఆమె ఒళ్లో చీర మీద పిండి జల్లినట్టు పడుతుంది, పచ్చి వేరుశనక్కాయలు ఒలిచినప్పుడు వచ్చే లాంటి వాసన. కాడ చివర చేప బొమ్మ పెట్టే స్పూను ఒకటుంది, ఆ చేప కన్ను పిన్నీసు దూరేంత బెజ్జం, పొలుసులు ఒక్కోటి విడిగా గీస్తుంది. మా పాప వేలు పెట్టి పొలుసులు లెక్కపెట్టబోయి మధ్యలో మర్చిపోయి మళ్లీ మొదలుపెట్టింది, ఆపా పని ఆపి అంతసేపూ స్పూను కదలకుండా పట్టుకుంది.

నర్ది, బిక్కి లాంటి చెట్ల కొయ్య వాడతారు, చుట్టూ ఉండే కొండల్లోంచి రావాలి. మునుపటంత సులువుగా కొయ్య దొరకట్లేదని మూడిళ్లలోనూ అదే మాట. వచ్చిన కొయ్య కూడా వెంటనే పనికిరాదు, పచ్చిగా ఉన్నప్పుడు చెక్కడం తేలిక గానీ పూర్తిగా ఆరకుండా నునుపు చేసిస్తే ఇంటికి పోయినాక వంకరపోతుంది, పగులుతుంది. అందుకని ఆర్డరిచ్చి గంటలో కావాలి, మేం తిరిగిపోవాలి అంటే కుదరదు. మేం ఉండగానే బయటి నుంచి ఒక కుటుంబం వచ్చి పెళ్లిలో పంచడానికి రెండొందల స్పూన్లు వారంలో కావాలని పట్టుబట్టారు. ఆపా కాదని చెప్తే వాళ్లకి కోపం వచ్చింది, ఇంత దూరం వచ్చాం అని. దూరం వస్తే కొయ్య తొందరగా ఆరుతుందా అండీ.

ఇప్పుడు మా తప్పు. ఆపా ఆ పొద్దు ఫోర్కు చేస్తా ఉంది, నాలుగు పళ్ల ఫోర్కు, మూడు పళ్లు అయిపోయి నాలుగోది రంపంతో విడదీస్తుంది. మా మరిది ఫోను పెట్టి వీడియో తీస్తా "ఇట్టా తిప్పండి ఆపా, వెలుతురు లేదు, ఒక్కసారి ఇటు చూడండి" అన్నాడు. ఆమె మొహమాటానికి తలెత్తి చూసింది, రంపం జారింది, పన్ను టక్కున విరిగింది. చిన్న శబ్దం, అప్పడం విరిగినట్టు. పొద్దున మొదలుపెట్టిన పని, మేం పోయేసరికి పదకొండున్నర. ఎవరికీ నోట మాట రాలేదు. మా మరిది సారీ చెప్పి, దాని రేటు ఇచ్చేస్తా అని పర్సు తీశాడు. ఆపా తీసుకోలేదు, "విరిగిందానికి డబ్బులు ఎట్టా తీసుకుంటా బాబూ" అంది. తర్వాత ఆ ముక్కని అటూ ఇటూ తిప్పి చూసుకుని, పళ్ల వరకు కోసేసి, మిగిలిన దాన్ని ఉప్పు డబ్బాలోకి చిన్న స్పూనుగా మార్చే పని అప్పుడే మొదలుపెట్టింది, కొయ్య పారేసేది కాదు కదా.

అందుకే చెప్తున్నా, ఫోటోలు ముందు అడిగి తీయండి, చేత్తో పని జరుగుతున్నప్పుడు మాట్లాడించొద్దు, ఇటు చూడండి అటు చూడండి అనొద్దు. అది వాళ్లిల్లు. లోపల వంట చేసుకునే ఆడవాళ్లు ఉంటారు, పిల్లలు చదువుకుంటా ఉంటారు, ఫోను లేపి ఇల్లంతా తిప్పేయడం ఏం పద్ధతి. మనింటికి ఎవరన్నా వచ్చి అట్టా చేస్తే ఊరుకుంటామా.

రేట్ల సంగతి. మేం మూడిళ్లలో కలిపి కొన్నవి అట్లకాడ ఒకటి, గరిటెలు రెండు, ఆరు చిన్న స్పూన్లు, దువ్వెన ఒకటి, చేప స్పూను ఒకటి, ఆ ఉప్పు స్పూను కూడా. అన్నీ కలిపి 1,640 రూపాయలు అయింది. మా తోడికోడలు దువ్వెన దగ్గర బేరం పెట్టింది, అలవాటు, ట్రంకు రోడ్డులో చీర కొన్నా దోసకాయ కొన్నా సగం నుంచి మొదలుపెడుతుంది. ఆపా చిన్నబుచ్చుకోలేదు గానీ దువ్వెన పళ్లు చూపించి, "ఒక్కోటి విడిగా కోయాలమ్మా, ఇదొక్కటే రోజంతా పట్టింది" అంది. మా తోడికోడలు ఇంక మాట్లాడకుండా పూర్తిగా ఇచ్చింది, బయటికొచ్చాక "మన పనమ్మాయికి రోజుకి ఎంతిస్తున్నాం అక్కా" అని నన్నడిగింది. లెక్క వేసుకుంటే ఆపాకి మిగిలేది అంతకన్నా తక్కువే. ఆ చేతికి అంత పనితనం ఉండి.

లోపాలంటే ఒకటే. కొన్నవన్నీ పల్చటి ప్లాస్టిక్ కవరులో వేసిచ్చారు, ఇంత మంచి కొయ్యని ఆ కవరులో చూడటం నాకు బాధనిపించింది. మేం గుడ్డ సంచి ఇస్తే అందులో వేశారు, పాత పేపరు చుట్టి ఇవ్వండి చాలు ఆపా అని చెప్పొచ్చా. మీరు పోయేటప్పుడు సంచి తీసుకుపోండి. ఫోన్ పే ఉంది మూడిళ్లలో రెండిట్లో, చిల్లర పెట్టుకోండి.

దుర్గం గురించి కొంచెం. స్పూన్ల కన్నా ముందే, తెల్లారగట్ల ఎక్కాం. కొండ 3,079 అడుగులు, మొత్తం 13 కోటలని చెప్తారు, కొండ మీద ఎనిమిది, కింద ఐదు. గజపతుల చేతిలో ఉన్న ఈ దుర్గాన్ని కృష్ణదేవరాయలు 1513లో ముట్టడిస్తే 1514లో గానీ లొంగలేదు, ఎక్కుతుంటే ఎందుకు లొంగలేదో కాళ్లకే తెలుస్తుంది. ఇక్కణ్ణించి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి 1515లో కృష్ణాలయం కట్టించి ప్రతిష్ఠ చేశాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. మన ఊరి దేవుణ్ణి చూడటానికి చెన్నై పోవాలి అని మా ఆయన అన్నాడు, నాకు గుండె కలుక్కుమంది. గోడల మీద మాత్రం ఎక్కడ చూసినా పేర్లు, లవ్ గుర్తులు, బొగ్గుతో, పెయింటుతో, మేకుతో గీకి. ఐదొందల ఏళ్లు ఎండకీ వానకీ నిలబడ్డ గోడ. పైన మసీదు కూడా ఉంది, గుడి శిథిలాలు ఉన్నాయి, రెండు చోట్లా చెప్పులు విడిచే పోండి, పాడుబడింది కదా అనుకోవద్దు.

దారి తెలిసిన ఊరి కుర్రాణ్ణి తోడు తీసుకున్నాం, అడిగినంత ఇచ్చాం. దిగేటప్పుడు ఒక గోతం సంచి నింపుకొచ్చాం, అన్నీ నీళ్ల బాటిళ్లు, చిప్స్ కవర్లు, మావి రెండే. పైన అమ్మే అంగళ్లు లేవు, అంటే అవన్నీ కింద నుంచి చేత్తో మోసుకుపోయినవే, నిండుగా ఉన్నప్పుడు మోసినోళ్లకి ఖాళీది దించడం బరువైందా? కుర్రాడు ముందు వింతగా చూశాడు, సగం దారి నుంచి సంచి తనే తీసుకున్నాడు.

వాడకం సంగతి ఆపా చెప్పిందే రాస్తున్నా. నీళ్లలో నానబెట్టొద్దు, సింకులో రాత్రంతా పడేస్తే ఉబ్బిపోతుంది. వాడగానే కడిగి, తుడిచి, నీడలో ఆరబెట్టాలి, ఎండలో పెడితే పగుళ్లు. నెలకోసారి కొంచెం నూనె రాయాలి, నేను కొబ్బరి నూనె రాస్తున్నా. పులుసు కూరల్లో వాడితే రంగు కొంచెం మారుతుంది, మా చేపల పులుసు గరిటె అప్పుడే ఎర్రబడింది, గట్టితనం ఏం తగ్గలేదు. నాన్‌స్టిక్ మీద గీతలు పడట్లేదు.

పోయే రోజు చూసుకోండి, శుక్రవారం మధ్యాహ్నం నమాజు టైములో, రంజాన్ నెలలో సాయంత్రాలు తలుపు కొట్టొద్దు. ఎండాకాలంలో దుర్గం జోలికి పోవద్దు.

మా చెల్లెలి గృహప్రవేశానికి పన్నెండు గరిటెలు చెప్పొచ్చా, సగం డబ్బులు అక్కడే ఇచ్చేశా. గృహప్రవేశం ఐపోయింది, గరిటెలు ఇంకా రాలేదు. నిన్న ఫోన్ చేస్తే చెక్కడం అయింది గానీ కొయ్య ఇంకా చెమ్మగా ఉండాదమ్మా, పది రోజులు ఆగు అంది. మా చెల్లెలికి చెప్పా, ఆరనీలే అంది.