సెలవుల్లో తొలిసారి స్కూబా: ట్రయల్ డైవా, పూర్తి కోర్సా, రెఫరలా – ఏది మేలు?

సముద్రం ఒడ్డుకు సెలవులకు వెళ్తూ, పనిలో పనిగా స్కూబా (వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడం) నేర్చుకుందాం అనుకునేవాళ్లకు మూడు దారులున్నాయి. ఒక పూటలో అయిపోయే ట్రయల్ డైవ్ ఒకటి. డైవింగ్ శిక్షణ సంస్థ ప్యాడీ దీన్ని డిస్కవర్ స్కూబా డైవింగ్ అంటుంది. మూడు నాలుగు రోజులు అక్కడే ఉండి ఓపెన్ వాటర్ కోర్సంతా పూర్తిచేసి డైవింగ్ అర్హత కార్డు తెచ్చుకోవడం రెండోది. మూడోది రెఫరల్: పాఠాలు, స్విమ్మింగ్ పూల్ శిక్షణ ఊళ్లోనే ముందుగా ముగించుకుని, సముద్రంలో చేయాల్సిన నాలుగు డైవ్‌లు మాత్రం సెలవులకు అట్టేపెట్టుకోవడం. వీలున్నవాళ్లకు ఈ మూడోదే మేలని మేం గట్టిగా చెబుతాం. ఎందుకో తెలియాలంటే నీళ్లలోకి దిగాక ఏమవుతుందో చూడాలి.

కొత్తవాళ్ల కష్టమంతా మొదటి పది మీటర్లలోనే. నీటిపైన ఒక బార్ ఉన్న పీడనం 10 మీటర్ల లోతుకు రెండు బార్లవుతుంది. సర్దుబాటు చేయకపోతే చెవి లోపలి గాలి సగానికి కుంచించుకుపోతుంది. అక్కణ్నుంచి 20 మీటర్లకు దిగినా మిగిలినదాంట్లో తగ్గేది మూడో వంతే. కాబట్టి పైనున్నప్పుడే ఎక్కువ జాగ్రత్త కావాలి. అర మీటరుకో, మీటరుకో ఒకసారి ముక్కు నొక్కిపట్టి, మెల్లగా ముక్కులోకి ఊది చెవులు సర్దుకోవాలి. నొప్పి మొదలయ్యేదాకా ఆగితే చెవి నుంచి గొంతుకు ఉండే గొట్టం బిగుసుకుపోతుంది, ఎంత ఊదినా తెరుచుకోదు. గట్టిగా ఊదితే చెవికే దెబ్బ. అలాంటప్పుడు ఒక మీటరు పైకి వచ్చి, చెవి తేలికపడ్డాక మళ్లీ దిగాలి. జలుబుంటే ఆ రోజుకు డైవ్ మానేయడమే మంచిది. జలుబు మందు వేసుకుని దిగితే నీళ్లలో ఉండగానే దాని పట్టు వదిలి, పైకి వచ్చేటప్పుడు గాలి చెవి లోపలే ఇరుక్కుంటుంది.

రెండో గండం కళ్లను, ముక్కును కప్పే మాస్క్. లోపలికి గుక్కెడు నీళ్లు రాగానే మనిషి తెలియకుండానే ముక్కుతో గాలి పీలుస్తాడు. నీళ్లు గొంతులోకి పోతాయి, గాభరాగా పైకి దూసుకెళ్లబోతాడు. ఆ గాభరాలో ఊపిరి బిగపట్టాడంటే ప్రాణాపాయమే. పైకి వచ్చేకొద్దీ ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది, మీటరున్నర లోతు నుంచి వచ్చినా అవి దెబ్బతినవచ్చు. చేయాల్సింది చిన్న పనే. తల కాస్త పైకెత్తి, మాస్క్ పై అంచును నుదుటికి అదిమి, ముక్కుతో ఒకే ధారగా గాలి వదిలితే నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. చెప్పడానికి పది సెకన్లు చాలు. వంటికి పట్టాలంటే మాత్రం, నిలబడితే తల పైకి తేలే లోతులో, తొందరపెట్టేవాళ్లు లేనప్పుడు, పదిసార్లయినా చేయాలి.

ఇప్పుడు ట్రయల్ డైవ్ సంగతి. ఈత పరీక్ష ఉండదు, పదేళ్లు నిండితే చాలు, గరిష్ఠ లోతు 12 మీటర్లు. ఇన్‌స్ట్రక్టర్ పక్కనే ఉండి, తేలడానికి వేసుకునే మీ జాకెట్‌లోని గాలిని తనే చూసుకుంటాడు. మీరు ఊపిరి పీలుస్తూ, చెవులు సర్దుకుంటూ, చేపల్ని చూస్తే సరిపోతుంది. ఒక్క రోజే ఖాళీ ఉన్నవాళ్లకు, నీళ్లంటే తమకు ఎంత భయమో తేల్చుకోవాలనుకునేవాళ్లకు ఇంతకు మించింది లేదు. కానీ దీనితో డైవింగ్ వచ్చేసిందనుకోకూడదు, కార్డూ రాదు. పడవ మీదనే రెండు మాటలు చెప్పి నేరుగా లోతుకు తీసుకెళ్తామంటే ఒప్పుకోకండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) నోట్లోంచి తీసి పెట్టుకోవడం, మాస్క్‌లో నీళ్లు తీయడం, చెవులు సర్దుకోవడం లోతులేని నీళ్లలో ముందు చేయించాలి. ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కు ఎంతమంది అని అడగండి. ఇద్దరికి మించకపోతే నిశ్చింతగా ఉండొచ్చు.

పూర్తి కోర్సుకు 200 మీటర్లు ఆగకుండా ఈదగలగాలి, లేదా మాస్క్, ఫిన్స్ (కాళ్లకు తొడిగే తెడ్లు), ఊపిరి గొట్టం స్నార్కెల్‌తో 300 మీటర్లు. పది నిమిషాలు తేలుతూ కూడా ఉండాలి. పూల్‌లోనో అలాంటి నిలకడ నీళ్లలోనో ఐదు విడతలు, సముద్రంలో నాలుగు డైవ్‌లు, పరీక్ష. అయ్యాక 18 మీటర్ల వరకు తోడు డైవర్‌తో వెళ్లే అర్హత వస్తుంది. కోర్సులో లోపం లేదు, చిక్కంతా రోజులతోనే. పగలంతా నీళ్లలో, సాయంత్రం పాఠాలతో. రెండో రోజుకు చెవులు వాస్తాయి, లేదా గాలివాన వచ్చి పడవ కదలదు. తిరుగు ప్రయాణం తేదీ మాత్రం మారదు. అప్పుడు మాస్క్ తీసి పెట్టుకోవడం లాంటివి ఒక్కసారి ఎలాగో చేసి ‘అయింది’ అనిపించుకోవడం జరుగుతుంది. మరుసటి ఏడాది ఎక్కడో 15 మీటర్ల కింద మాస్క్ నిండితే ఆ ‘అయింది’ ఏమాత్రం ఆదుకోదు. ఈ దారే కావాలనుకుంటే కనీసం ఆరు రోజులు ఉండేలా చూసుకోండి, కోర్సు మొదటి రోజే మొదలుపెట్టండి, పాఠాలు ఆన్‌లైన్‌లో ఇంట్లోనే చదివేయండి.

రెఫరల్‌లో ఈ ఒత్తిడే ఉండదు. పూల్ విడతలు వారానికి ఒకటి చొప్పున చేసినా అడిగేవాళ్లుండరు. రానిది మళ్లీ మళ్లీ చేయొచ్చు. సెలవుల్లో రెండు రోజులు చాలు. ప్యాడీలో, ఊళ్లో చేసిన చివరి భాగం ముగిసిన నాటి నుంచి 12 నెలల్లోపు మిగతాది పూర్తిచేయాలి. అక్కడి సెంటర్ మీ సంస్థ రెఫరల్ కాగితాన్ని తీసుకుంటుందో లేదో బయల్దేరే ముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. సముద్రంలో దిగే ముందు, మునగడానికి ఒంటికి కట్టుకునే సీసం బరువు మళ్లీ సరిచూసుకోవాలి. ఉప్పునీళ్లలో మనిషి ఎక్కువగా తేలుతాడు, పూల్‌లో సరిపోయిన దానికి మామూలుగా రెండు కిలోల పైచిలుకు కలపాల్సి వస్తుంది. సొంత మాస్క్ ఉంటే అదే తీసుకెళ్లండి. పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి లాగితే అది పడిపోకుండా ఉండాలి. అలా ఉంటేనే మీ ముఖానికి సరిపోయినట్టు.

ఏ దారికైనా ఆరోగ్య ప్రశ్నావళి ఉంటుంది. ఉబ్బసం, గుండె జబ్బు, ఫిట్స్, చెవి ఆపరేషన్ లాంటివాటిలో ‘అవును’ అని రాయాల్సివస్తే డాక్టరు సంతకం కావాలి. ఊరుగాని ఊళ్లో డాక్టరును వెతుక్కోలేక చాలామంది ‘కాదు’ అని రాసేస్తుంటారు. అలా ఎప్పుడూ చేయకండి, ఆ కాగితం ఇంటి దగ్గరే నింపి సంతకం చేయించుకోండి. విమానం సంగతికి వస్తే, ఒక్క డైవే చేసినవాళ్లు కనీసం 12 గంటలు ఆగాలి, వరసగా డైవ్‌లు చేసినవాళ్లు 18 గంటలు. మర్నాడు పొద్దున్నే విమానం ఉంటే, ముందురోజు మధ్యాహ్నం డైవ్ వదులుకోవాల్సిందే.