మూడేళ్లు వాడాక: బ్రౌనీలకి అల్యూమినియం టిన్ను

నెలకి రెండుసార్లయినా ఇంట్లో బ్రౌనీలు చేస్తాను. మొదటి ఏడాదంతా గాజు పాత్రలో చేశాను. తర్వాత 8 అంగుళాల చదరపు అల్యూమినియం టిన్ను కొన్నాను, దాన్ని వాడబట్టి ఇప్పటికి మూడేళ్లు దాటింది.

గాజులో చేసినప్పుడు ప్రతిసారీ ఒకటే బాధ. అంచులు బిస్కెట్‌లా గట్టిపడేవి, నడుమ మాత్రం పచ్చిగా ఉండేది. ఇంకో పది నిమిషాలు ఉంచితే నడుమ ఉడికేది కానీ చుట్టూ ఎండిపోయేది. తప్పు కొలతల్లో ఉందనుకుని వెన్న పెంచాను, మైదా తగ్గించాను, ఏం మారలేదు. గాజు మెల్లగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని అంత త్వరగా వదలదు. ఓవెన్‌లోంచి తీసి పక్కన పెట్టాక కూడా దాన్ని ఆనుకున్న అంచులు ఉడుకుతూనే ఉంటాయి. అల్యూమినియం చప్పున వేడెక్కుతుంది, చప్పున చల్లారుతుంది. పాత కొలతలతోనే ఈ టిన్నులో మొదటిసారి చేసిన రోజున అంచు ముక్కా నడిమి ముక్కా ఒకేలా మెత్తగా వచ్చాయి. ఆ రోజు ఎంత సంతోషం వేసిందో!

నా కొలతలు ఇవి: వెన్న 115 గ్రాములు, డార్క్ చాక్లెట్ 170, చక్కెర 200, మైదా 65, కోకో పొడి 20, గుడ్లు రెండు, చిటికెడు ఉప్పు. బేకింగ్ పౌడర్ వెయ్యను, వేస్తే కేక్‌లా పొంగుతుంది. 175 డిగ్రీల దగ్గర 24 నుంచి 26 నిమిషాలు. టూత్‌పిక్ గుచ్చి తీస్తే తడిగా ఉన్న చిన్న చిన్న తునకలు కొంచెం అంటుకుని రావాలి. శుభ్రంగా వచ్చిందంటే అప్పటికే ఎక్కువైనట్టు. జారుగా పిండి అంటుకుంటే ఇంకో రెండు నిమిషాలు ఉంచుతాను.

పైన పలచగా మెరిసే పొర టిన్ను వల్ల రాదు. గుడ్లు, చక్కెర కలిపి నాలుగైదు నిమిషాలు బాగా గిలక్కొట్టి చక్కెర కరిగేలా చేస్తేనే అది వస్తుంది. చాలామంది తొందరపడేది ఇక్కడే.

ఇక లోపాలు. నేను మొదట కొన్నది పలచటి రేకు. నాలుగైదు వాడకాలకే అడుగు వంగి, పిండి ఒక వైపుకి జారి, ముక్కలు ఎగుడుదిగుడుగా వచ్చేవి. చేత్తో పట్టుకుంటే బరువుగా అనిపించేదే తీసుకోండి. పూత లేని అల్యూమినియానికి బ్రౌనీ అంటుకుంటుంది కాబట్టి బటర్ పేపర్ తప్పనిసరి. రెండు వైపులా పేపర్ బయటికి వచ్చేలా పరిస్తే, చల్లారాక మొత్తం ఒకేసారి ఎత్తేయొచ్చు. టిన్నులోనే చాకుతో కోస్తే గీతలు పడతాయి, నాదానికి రెండు పడ్డాయి. డిష్‌వాషర్‌లో వేస్తే నల్లబడుతుంది, చేత్తో కడగడమే మంచిది. మూలల్లో ఇరుక్కున్నవి తీయడానికి కొంచెం ఓపిక కావాలి.

నల్ల రంగు నాన్‌స్టిక్ టిన్ను కూడా కొన్నాళ్లు వాడాను. అంటుకోదు, నిజమే, కానీ ముదురు రంగు వేడిని ఎక్కువగా పీలుస్తుంది కాబట్టి అడుగు త్వరగా మాడుతుంది. మీ దగ్గర అదే ఉంటే ఓ 15 డిగ్రీలు తగ్గించి చేయండి.

ఏ టిన్ను కొన్నా ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటర్ కూడా కొనమంటాను. మా ఓవెన్‌లో 175కి తిప్పితే లోపల 190 ఉంటోందని అది పెట్టాకే తెలిసింది. అన్నాళ్లూ ఆ టైమింగ్ గురించి ఎంత టెన్షన్ పడ్డానో.

సైజు విషయంలో మాత్రం జాగ్రత్త. 9 అంగుళాలది కొంటే వైశాల్యం 64 నుంచి 81 చదరపు అంగుళాలకి పెరుగుతుంది. అదే పిండి అందులో పలచగా పరుచుకుంటుంది కాబట్టి 20 నిమిషాల నుంచే టూత్‌పిక్‌తో చూడటం మొదలుపెట్టండి.