కాకతీయనా, నిట్టా, హైదరాబాదా: పరిశోధనకు ఏది మేలు?

పరిశోధనకూ అధ్యాపక ఉద్యోగానికీ అర్హత పరీక్ష అయిన నెట్ ఫలితాలు వెలువడిన వారం పది రోజులకు హనుమకొండలోని మా ఇంటి గేటు చప్పుడవుతుంది. నేను డిగ్రీ కళాశాలలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకున్నవాడిని కనుక పాత విద్యార్థులు, వారి తమ్ముళ్లు, చెల్లెళ్లు, ఒక్కోసారి వారి తండ్రులు వచ్చి కూర్చుని ఒకే సంగతి అడుగుతారు: "సార్, పీహెచ్‌డీ కాకతీయలో చేస్తే మంచిదా, నిట్‌లోనా, లేకుంటే హైదరాబాద్ పోవాల్నా?" కాకతీయ అంటే ఇక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయం, నిట్ అంటే వరంగల్‌లోని జాతీయ సాంకేతిక సంస్థ. వారు వెంట తెచ్చుకునే కొలతలు ర్యాంకు, ఫెలోషిప్, హాస్టల్, ఆ తరువాత వచ్చే ఉద్యోగం. నేను చూసే కొలత వేరు. ఒక ప్రాంగణంలో ఎన్ని శాస్త్రాలు కాపురముంటున్నాయి, ఒక శాస్త్రంలో పనిచేసే స్కాలరు మరో శాస్త్రం గడప తొక్కి సందేహం అడిగే వీలు అక్కడ ఎంత ఉంది అన్నదే నాకు ముఖ్యం.

డబ్బు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాన్ని త్వరగా తేల్చేయవచ్చు. నెట్ ద్వారా దొరికే పరిశోధక భృతి జేఆర్ఎఫ్ వచ్చినవారికి 2023 జనవరి నుండి తొలి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000 రూపాయలు అందుతున్నాయి. ఈ మొత్తం వారు చేరిన చోటును బట్టి మారదు. నిట్‌లో కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఫెలోషిప్ కూడా ఇదే స్థాయిలో ఉంటుంది. చిక్కంతా జేఆర్ఎఫ్ అందక, నెట్ ద్వారా పీహెచ్‌డీ ప్రవేశానికి మాత్రమే అర్హత పొందినవారిది. వారు రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరితే నాలుగైదేళ్లు ఇంటి మీద ఆధారపడడమో, ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెప్పుకోవడమో తప్పదు. సందర్భం వచ్చింది కనుక ఒక చిన్న విచిత్రం చెప్పాలి: విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) చిల్లర ఖర్చులకు ఇచ్చే కంటింజెన్సీ తొలి రెండేళ్లలో విజ్ఞాన శాస్త్రాల వారికి ఏటా 12,000 రూపాయలైతే మానవీయ శాస్త్రాల వారికి 10,000 రూపాయలే. శాసనం ఉన్న ప్రతి ఊరికీ బస్సెక్కి తిరగవలసిన చరిత్ర విద్యార్థికి దారి ఖర్చు ఉండదని ఎవరు అనుకున్నారో తెలియదు.

ఇక సంస్థల విషయం. ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలల వరుసలో మొదటిదైన వరంగల్ ఆర్‌ఈసీకి 1959 అక్టోబరులో నెహ్రూ శంకుస్థాపన చేశారు. కాకతీయ వైద్య కళాశాల ప్రారంభమైందీ ఆ ఏడాదే. అన్ని శాస్త్రాలను ఒక కప్పు కిందికి తెచ్చిన కాకతీయ విశ్వవిద్యాలయం మాత్రం 1976 ఆగస్టులో గానీ రాలేదు. అంటే ఈ ప్రాంతానికి ముందు ఇంజనీరు, డాక్టరు కావలసివచ్చారు. చరిత్రకారుడు, భాషావేత్త, అర్థశాస్త్రవేత్త పదిహేడేళ్లు ఆగారు. 2002లో నిట్‌గా మారిన ఆర్‌ఈసీలో ఇంజనీరింగ్ శాఖలతో పాటు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు ఉన్నాయి, మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగం కూడా ఒకటి ఉంది, కానీ చరిత్ర శాఖ గానీ తెలుగు శాఖ గానీ లేవు. కాకతీయలో తెలుగు, చరిత్ర, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం మొదలుకొని వృక్ష, జంతు శాస్త్రాలు, ఫార్మసీ, న్యాయశాస్త్రం వరకు నడుస్తాయి. ఈ రెండు ప్రాంగణాల మధ్య దూరం ఆటోలో పోయేంతే.

ఇన్ని శాస్త్రాలు ఒకచోట ఉంటే ఒరిగేదేమిటో వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని చూస్తే తెలుస్తుంది. కాకతీయ రాజు రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ ఆలయపు మండపం పునాది కుంగి ఒరిగిపోతే 2006లో రాళ్లకు నంబర్లు వేసి విప్పారు. తిరిగి నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చిలో. కాకతీయుల కట్టడాల అడుగున గొయ్యి తవ్వి ఇసుక నింపి, దాని మీద రాతి కట్టడాన్ని నిలిపే పద్ధతి ఉంది. ఆ ఇసుక ఎంత బరువు మోస్తుంది, భూగర్భ జలం తగ్గితే ఏమవుతుంది అన్నది సివిల్ ఇంజనీరు చెప్పాలి. స్తంభాల నల్లరాయి ఏ జాతిది, ఎక్కడ దొరుకుతుంది అన్నది భూగర్భ శాస్త్రవేత్త చెప్పాలి. గుడి ఆవరణలోని సంస్కృత శాసనాన్ని చదివి, ఏ భాగం ఏ కాలానిదో తేల్చవలసినవాడు శాసన పరిశోధకుడు. పగిలిన రాయి స్థానంలో కొత్త రాయిని చెక్కవలసినవాడు స్థపతి, అతని శాస్త్రం ఏ విశ్వవిద్యాలయపు జాబితాలోనూ సరిగా చోటు దొరకనిది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన రామప్ప విషయంలోనూ ఇదే జరిగింది. ఆ గుడి పునాది విశేషాన్ని జనానికి విడమరచి చెప్పినవారిలో ముందుండేది నిట్‌లో సివిల్ ఇంజనీరింగ్ బోధించి విశ్రాంతి తీసుకున్న ఆచార్య పాండురంగారావు. ఒక ఇంజనీరు చరిత్రలోకి నడిచి వెళ్లాడు. ఆయన సంస్థలో అందుకు తగిన శాఖ లేకపోయినా వెళ్లాడు. నా మాటకు ఇది అడ్డుగా నిలిచే ఉదాహరణే అయినా దాచడం న్యాయం కాదు.

చెరువుల సంగతి ఇంకా లోతైనది. మిషన్ కాకతీయ 2015లో నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మొదలైనప్పుడు 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయడం లక్ష్యంగా ప్రకటించారు. తీసిన ఒండ్రును ట్రాక్టర్లతో పొలాలకు తోలుకున్న రైతుకు ఎకరాకు ఎంత మేలు జరిగిందన్నది నేల రసాయన శాస్త్రం చూడవలసిన లెక్క. నీటి విస్తీర్ణం పెరిగిందా లేదా అన్నది ఉపగ్రహ చిత్రాలు చెబుతాయి. ఈ రెండు పనులూ నిట్‌లో గానీ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో గానీ చక్కగా సాగుతాయి. అయితే పూడిక తీసిన చెరువు పదేళ్లకు మళ్లీ పూడుతుందా అన్న ప్రశ్నకు జవాబు మట్టిలో సగమే ఉంటుంది. తూము ఎప్పుడు ఎత్తాలో, ఏ మడికి ముందు నీరు పోవాలో చూసుకున్న నీరటి ఊళ్లో ఉన్నాడా, ఉంటే అతనికి ఇప్పుడు ఎవరు కూలి ఇస్తున్నారు? చెరువు కట్టినవారికీ బాగు చేసినవారికీ ఆయకట్టులో వాటా ఇచ్చే దశబంధం వంటి ఏర్పాటు శాసనాలలో కనిపిస్తుంది. అది పోయాక దాని స్థానంలోకి ఏమి వచ్చింది? ఇవి అడగాలంటే శాసనం చదవగలవాడూ, ఊళ్లో కూర్చుని మాట్లాడగల సమాజశాస్త్ర విద్యార్థీ కావాలి. ఈ ప్రశ్న పట్టుకున్నవాడికి నేను సంకోచం లేకుండా కాకతీయ పేరే చెబుతాను.

అలాగని శాఖల సంఖ్యను చూసి మురిసిపోకూడదు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో ఏళ్ల తరబడి రెగ్యులర్ అధ్యాపక నియామకాలు జరగని సంగతి అందరూ ఎరిగినదే. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పూర్తికాలపు రెగ్యులర్ అధ్యాపకుడే గైడ్‌గా ఉండాలి. ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 మందికి మించి తీసుకోకూడదు. కాంట్రాక్టు అధ్యాపకుడు ఎంత పండితుడైనా అతని పేరున స్కాలరు నమోదు కాడు. కనుక ఒక శాఖలో ముగ్గురు ప్రొఫెసర్లు రిటైరై వారి స్థానాలు భర్తీ కాకపోతే 24 మంది స్కాలర్ల చోటు ఒక్కసారిగా మాయమవుతుంది, శాఖ బోర్డు మాత్రం గోడ మీద అలాగే వేలాడుతుంది. ప్రాస్పెక్టస్‌లో కనిపించే విస్తృతి వేరు, ఈ ఏడాది గైడ్‌లున్న శాఖల విస్తృతి వేరు. రెండోదాన్ని స్వయంగా వెళ్లి లెక్కపెట్టుకోవాలి.

దీనికి తోడు శాఖల మధ్య గోడలు. నా తమ్ముడి వరుస అయ్యే ఒకతను ఒక విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో పరిశోధన చేస్తూ, పత్తి రైతుల అప్పుల మీద గణాంక శాస్త్ర శాఖ వారి సహాయం కోరితే, రెండు శాఖల అధిపతులకూ దరఖాస్తు రాయమన్నారు. ఆ రెండు శాఖలు ఒకే భవనంలో పై అంతస్తు, కింది అంతస్తు. చివరికి అతను ఆ పని క్యాంటీన్‌లో పరిచయమైన ఎమ్మెస్సీ విద్యార్థి చేత చేయించుకున్నాడు. ఇటువంటి చోట ఇరవై శాఖలున్నా అవి ఇరవై వేర్వేరు ఊళ్లే.

నిట్ బలం మరోచోట ఉంది. కొత్త ఉత్ప్రేరకమో, బ్యాటరీ పదార్థమో, వంతెన కంపనాల లెక్కో మనసులో ఉన్నవాడికి కావలసింది పనిచేసే పరికరం, దాన్ని నడిపే టెక్నీషియన్, పక్క ల్యాబులో అదే పని మీద తలపట్టుకుని కూర్చున్న మరో నలుగురు స్కాలర్లు. లోతుకు పోవాలంటే ఇటువంటి గుంపు అవసరం, ఒంటరిగా సాధ్యం కాదు. కేంద్ర సంస్థ కనుక ప్రాజెక్టు నిధులు వచ్చే దారి కూడా సులువు. పత్రికల విషయంలో ఇదివరకు ఉన్న అంతరం కొంత తగ్గింది: 2025 జనవరి నుండి అమలులోకి వచ్చిన "ఒకే దేశం ఒకే చందా" పథకంతో 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలు రాష్ట్ర విశ్వవిద్యాలయాలకూ తెరుచుకున్నాయి.

కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకు గురించి ఒక మాట. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పరిశోధన భాగాన్ని ప్రధానంగా స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ సూచికల్లోని ప్రచురణలను బట్టి లెక్కిస్తుంది. తెలుగులో రాసిన సిద్ధాంత గ్రంథం, చేర్యాల నకాషీ పటాల కథకుల మీద తెలుగు సాహిత్య పత్రికలో వచ్చిన వ్యాసం ఆ లెక్కలోకి రావు. కాబట్టి మానవీయ శాస్త్రాల బరువు ఎక్కువగా ఉన్న విశ్వవిద్యాలయం ర్యాంకులో వెనుక కనిపించడంలో కొంత తప్పు తూకానిది. ఒక శాఖ నిజంగా ఏమి చేస్తోందో తెలుసుకోవాలంటే పీహెచ్‌డీ థీసిస్‌లను ఆన్‌లైన్‌లో ఉంచే శోధ్‌గంగలో ఆ శాఖ నుండి వచ్చిన నాలుగు థీసిస్‌లు తెరిచి చదవడం ర్యాంకు చూడడం కన్నా మేలు. మొదటి అధ్యాయం ఎవరిదైనా బాగానే ఉంటుంది. మూడో అధ్యాయం చదవండి.

సంస్థ పేరు ఇరుకుగా ఉన్నంత మాత్రాన దాని చూపు ఇరుకు కానక్కరలేదని చెప్పే కథ మన గోదావరి ఒడ్డునే ఉంది. ప్రాణహిత–గోదావరి లోయలోని కోట అనే పేరున్న రాతి పొరల్లో రాక్షసబల్లి ఎముకలను వెలికితీసినది ఏ భూగర్భ శాస్త్ర సంస్థో కాదు, కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ. ఆ సంస్థ స్థాపకుడు మహలనోబిస్ అందులో భూగర్భ అధ్యయన విభాగాన్ని పెట్టి, లండన్ నుండి శిలాజ శాస్త్రవేత్త పమేలా రాబిన్సన్‌ను పిలిపించారు. ఎముకల తవ్వకం రవీంద్రుని శతజయంతి ఏడాది 1961లో జరిగినందున ఆ జంతువుకు బరపాసారస్ టాగోరై అని 1975లో పేరు పెట్టారు. బెంగాలీలో "బర పా" అంటే పెద్ద కాలు. ఒక గణాంక సంస్థ, ఒక రాక్షసబల్లి, ఒక కవి పేరు. అటువంటి అధిపతి దొరికితే ఒకే శాస్త్రం సంస్థలోనూ నిశ్చింతగా చేరవచ్చు. అయితే అటువంటివారు తరానికి ఎందరు వస్తారు?

హైదరాబాద్ గురించి క్లుప్తంగా చెప్పవచ్చు, ఎందుకంటే దాని ఆకర్షణ అందరికీ తెలిసినదే. 1974లో ఏర్పడిన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో శాస్త్రాల విస్తృతీ, కేంద్ర నిధులూ రెండూ ఉన్నాయి. చుట్టూ జీవశాస్త్ర పరిశోధనకు సీసీఎంబీ, పంటల పరిశోధనకు ఇక్రిశాట్ వంటివి ఉన్నాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలోని గోండి లిపి రాతప్రతులను వెలుగులోకి తెచ్చి అధ్యయనం చేసినది కూడా ఆచార్య జయధీర్ తిరుమలరావు నాయకత్వంలో ఆ విశ్వవిద్యాలయ బృందమే. ఆ లిపి 2018లో కంప్యూటర్లలో లిపులకు ప్రమాణమైన యూనికోడ్‌లో చేరింది. ఊరి పెద్దల పెట్టెలోని కాగితాలు కంప్యూటర్ తెర మీదికి రావడానికి భాషావేత్త, లిపి నిపుణుడు, సాఫ్ట్‌వేర్ మనిషి అందరూ పట్టారు. మన ఉత్తర తెలంగాణ ప్రశ్నకు జవాబు గచ్చిబౌలి నుండి రావడం నాకు కొంచెం చివుక్కుమనిపిస్తుంది, కానీ ఆ పనిని అభినందించకుండా ఉండలేను. 2023 చట్టంతో ములుగుకు వచ్చిన సమ్మక్క సారక్క గిరిజన విశ్వవిద్యాలయం ఎదిగితే కోయ, గోండి పనులకు అంత దూరం పోవలసిన అవసరం తగ్గవచ్చు.

ఇన్ని చూశాక నా మొగ్గు ఎటు? పరికరంతో తేలే ప్రశ్న అయితే నిట్. ప్రశ్న ఇక్కడి మట్టి, నీరు, భాష, రాయి, జబ్బు, పంటతో ముడిపడి ఒక శాస్త్రానికి లొంగనిదైతే, మంచి గైడ్ దొరికిన షరతు మీద కాకతీయలో నమోదై, నిట్ నుండి కో-గైడ్‌ను తీసుకోవడం మేలు. శాఖ బయటి నుండి, సంస్థ బయటి నుండి కో-గైడ్‌ను తీసుకోవడానికి 2022 నిబంధనలు అనుమతిస్తున్నాయి. దీనికి తలకిందులుగా, నిట్‌లో నమోదై చరిత్ర ఆచార్యుడిని కో-గైడ్‌గా పెట్టుకున్న స్కాలరు నాకింతవరకు ఎదురుపడలేదు. ఇంకా ప్రశ్నే దొరకనివాడికీ కాకతీయే మంచిది, ఎందుకంటే లైబ్రరీలో పక్క కుర్చీలో వేరే శాస్త్రం వాడు కూర్చుంటాడు.

మొన్న నర్సంపేట దగ్గరి ఊరి అమ్మాయి వచ్చింది. రసాయన శాస్త్రంలో ఎమ్మెస్సీ, జేఆర్ఎఫ్ ఉంది, నిట్‌కే పోవాలని ఇంట్లో పట్టు. వాళ్ల చేనులో వేసేది 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి, మా వైపు టమాట మిర్చి అనే లావుపాటి కాయ. రంగు ఎక్కువ, కారం తక్కువ. ఆ రంగు మీదే పని చేస్తానంది. రంగు పదార్థాన్ని విడదీసి కొలవడానికి నిట్ సరిపోతుందన్నాను. ఆ విత్తనం ఎన్ని తరాలుగా ఏయే ఇళ్లలో దాస్తున్నారో, దాచే పద్ధతికీ రంగుకూ సంబంధం ఉందేమో కూడా చూస్తావా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "మా నాయినమ్మ కాయల్ని ఎండలో పోసేటప్పుడు విత్తనానికి వేరే కుప్ప పోస్తది సార్, ఎందుకో ఎప్పుడూ అడగలే" అంది. ముందు ఊరికి పోయి ఆమెను అడిగి, ఆ తరువాత దరఖాస్తు నింపమని చెప్పి పంపాను.