మోకాలి ఎంఆర్‌ఐ, భీమవరం సెంటర్: స్కాన్ బాగుంది, రిపోర్టే చాలదు

ఊడ్పుల్లో వంగి, చేపల చెరువు గట్ల మీద తిరిగి మోకాళ్లు పట్టేసినవాళ్లకి డెల్టా అంతటా చెప్పే మాట ఒకటే: "గుజ్జు అరిగిపోయిందండి." నిజమే గానీ, సగం నిజం. గుజ్జులో నరాలుండవు, దాని కింది ఎముకలో ఉంటాయి. గుజ్జు పలచబడితే బరువంతా ఆ ఎముక మీద పడి, లోపలి సన్నటి పుల్లల్లాంటి అల్లిక చిట్లుతుంది, మూలుగ మారిపోతుంది. దొడ్డికాళ్లు పడ్డవారికి ఇది ఎక్కువగా లోపలివైపే. ఎక్స్‌రేలో ఈ మార్పు కనపడదు.

ఈ సెంటర్‌లో మెషీన్ 1.5 టెస్లా (అయస్కాంతం బలం), మోకాలికి వేరే కాయిల్ (కాలి చుట్టూ తొడిగి సిగ్నల్ పట్టే తొడుగు) ఉంది. పని పాతిక నిమిషాలు. పెద్దల మోకాలి మూలుగలో ఎక్కువ భాగం కొవ్వే, కాబట్టి కొవ్వు మెరుపు అణిచి తీస్తేనే దెబ్బతిన్నచోటు తెల్లటి మబ్బులా తేలుతుంది. అంచుల్లో కొవ్వు సరిగ్గా అణగకపోతే లేని జబ్బు కూడా తెల్లగా కనిపిస్తుంది. అలాంటిచోట ఇక్కడి టెక్నీషియన్ ఎస్‌టీఐఆర్ అనే, కొవ్వుని మరో రకంగా అణిచే పద్ధతిలో మళ్లీ తీస్తారు. స్కాన్‌లో మెరుపు కోసం ఎక్కించే సూదిమందు (కాంట్రాస్ట్) అంటగట్టరు, అరుగుదల చూడ్డానికి అది అక్కర్లేదు కూడా. ఈ రెండింటికీ పూర్తి మార్కులు.

లోటల్లా రిపోర్టులోనే. "మ్యారో ఎడీమా" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. అది చూసి జనం ఎముకలో నీరు చేరిందనుకుని నీరు లాగే మాత్రలడుగుతున్నారు. బాగా అరిగిన కీళ్లలో ఆ తెలుపుని సూక్ష్మదర్శిని కింద చూస్తే నీరు తక్కువే. నారకట్టిన కణజాలం, చచ్చిన మూలుగ, అతుక్కుంటున్న పగుళ్లు కనిపిస్తాయి. ఆ తెలుపు ఉన్నది తొడ ఎముకలోనా, మోకాలి కింది ఎముకలోనా? లోపలా, బయటా? ఎన్ని మిల్లీమీటర్లు? పక్కన నీటితిత్తి ఉందా? పైన గుజ్జు ఎంత మిగిలింది? మెనిస్కస్ (కీలు మధ్య నెలవంక మెత్త) జారిందా? ఇవన్నీ రాయాలి. రక్తం తక్కువున్న ఆడవాళ్లలో ఎర్ర మూలుగ (రక్తం తయారుచేసేది) పెరిగినా పొరబడే వీలుంది, దాని మాటా ఉండాలి.

ఎక్స్‌రే పడుకోబెట్టి తీస్తున్నారు, అది తప్పు. బరువు మోపి నిలబడితేనే కీలు సందు ఎంత తగ్గిందో తెలుస్తుంది. "నిలబెట్టి తీయండి" అని ముందే అడగండి.

ఫిల్ముతో సరిపెట్టుకోకుండా సీడీ తీసుకోండి. ఎముకలోని ఈ తెల్ల మచ్చలు నెలల్లోనే పెరగొచ్చు, తగ్గొచ్చు. మళ్లీ తీయించినప్పుడు అవే సీక్వెన్సులు (ఒకే పద్ధతిలో తీసిన బొమ్మల వరసలు) పక్కపక్కన పెడితేనే తేడా తేలుతుంది.