వల బొమ్మలు గీసే యంత్రానికి 28బీవైజే-48 మోటార్ ఎలా పనిచేస్తుంది?

ఇంట్లో డ్రాయింగ్ మెషిన్ కట్టేవాళ్లు ఎక్కువగా పసుపు రంగు బీఓ మోటార్లతో (బొమ్మ కార్లలో వాడే చిన్న గేరు మోటార్లు) మొదలుపెడతారు. గీతలు చెల్లాచెదురుగా పడే బొమ్మకైతే అవి చాలు. 1959లో పారిస్‌లో స్విస్ కళాకారుడు జాన్ టింగ్లీ ప్రదర్శించిన మెటా-మాటిక్ అనే బొమ్మలు గీసే యంత్రాల అందం అదే, గీసిన గీత మళ్లీ రాదు. కానీ మొదలైన చోటికే వచ్చి కలిసే వల లాంటి బొమ్మ కావాలంటే బీఓ మోటార్ కుదరదు. బ్యాటరీ తగ్గినా, కాగితం మీద పెన్ను కాస్త పట్టేసినా దాని వేగం మారిపోతుంది. ఆ పనికి 28బీవైజే-48 స్టెప్పర్ (లెక్కపెట్టిన చిన్న చిన్న అడుగులుగా, అంటే స్టెప్పులుగా తిరిగే మోటార్), దాన్ని నడిపే యూఎల్‌ఎన్2003 బోర్డు ఉన్న సెట్లు రెండు తీసుకోండి. రెండూ ఒకే షాపులో, ఒకే లాట్‌లో కొనడం మంచిది.

కారణం గేర్లు. ఫుల్ స్టెప్‌లో చుట్టుకు 2048 స్టెప్పులని అంతటా కనిపిస్తుంది. చాలా మోటార్లలో గేరు నిష్పత్తి (బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి లోపలి మోటార్ తిరగాల్సిన చుట్లు) 64 కాదు, 63.68. అంటే చుట్టుకు సుమారు 2038. రెండింటిలోనూ ఒకే గేర్లుంటే ఈ తేడా బొమ్మకు తగలదు. వేర్వేరు రకాలు కలిస్తే బొమ్మ అనుకున్న చోట మూసుకోదు.

రెండు మోటార్ల క్రాంకులకు (షాఫ్టుకు బిగించి తిప్పే చిన్న పట్టీలు) చెరో చేయి తగిలించి, ఆ చేతులు కలిసే చోట పెన్ను పెట్టి ఇలాంటి వల గీసే యంత్రాన్ని పింటోగ్రాఫ్ అంటారు. దానికి పనికొచ్చే కొలతలు ఇవి: మోటార్ల మధ్య 20 సెం.మీ., క్రాంకులు 3, 3.5 సెం.మీ., చేతులు 25 సెం.మీ. చొప్పున, అవి కలిసే కీలు దగ్గర పెన్ను. ఒకటి 100 చుట్లు తిరిగేలోగా రెండోది 99 తిరగాలి. సెకనుకు 300 స్టెప్పుల దగ్గర బొమ్మ పూర్తికావడానికి 11 నిమిషాల పైనే పడుతుంది.

ఎక్కువమంది తప్పేది కోడ్‌లో. మోటార్లకు ఆదేశాలిచ్చే చిన్న కంప్యూటర్ బోర్డు ఆర్డుయినో. దాని మామూలు స్టెప్పర్ లైబ్రరీ (సిద్ధంగా దొరికే కోడ్) ఒక మోటార్ కదలిక ముగిసేదాకా రెండోదాన్ని ఆపేస్తుంది. ఆక్సెల్‌స్టెప్పర్ అనే ఇంకో లైబ్రరీలో రెండూ కలిసే తిరుగుతాయి, కానీ 300, 297 అని విడివిడి వేగాలిస్తే మైక్రోసెకన్ల తేడాలు పేరుకుని చివర గీత కలవదు. మొదటిది 100 స్టెప్పులేసినప్పుడల్లా రెండోదానికి ఒక్కటి మానేయించేలా ఒకే లెక్క మీద నడపండి, కచ్చితంగా కలుస్తుంది. మోటార్ తిరగకుండా వణుకుతుంటే పిన్నుల వరస 1-3-2-4గా మార్చి చూడండి.

కరెంటు ఆర్డుయినో నుంచి తీసుకోకూడదు. ఒక్కో మోటార్ దాదాపు 200 మిల్లీఆంపియర్లు లాగుతుంది, 5 వోల్టుల 1 ఆంపియర్ చార్జర్ విడిగా పెట్టి, గ్రౌండ్ మాత్రం ఆర్డుయినోతో కలపాలి. మోటార్ బాగా వేడెక్కుతుంది, అందుకే గ్లూగన్‌తో అతికించిన క్రాంకు బొమ్మ సగంలో జారుతుంది. షాఫ్టు 5 మి.మీ., రెండు వైపులా చదును. గుండ్రని రంధ్రం నిలవదు, గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) ఉన్న ఇత్తడి కప్లర్ వేసి స్క్రూను చదును మీద బిగించాలి.

బలం తక్కువే. 3 సెం.మీ. క్రాంకు చివర నెమ్మది వేగంలోనే 100 గ్రాముల దాకా దొరుకుతుంది. నొక్కి రాయాల్సిన బాల్ పెన్ పెడితే స్టెప్పులు తప్పి, వల ఉన్నట్టుండి పక్కకు జరుగుతుంది. సన్నమొన స్కెచ్ పెన్ను దాని బరువుతోనే వదిలేస్తే చాలు.

గేర్లలో లూజు ఉంది. ఒకే దిశలో తిరిగే పింటోగ్రాఫ్‌లో అది కనిపించదు. ప్రతి మూలలోనూ వెనక్కి తిరగాల్సిన ఎక్స్-వై ప్లాటర్‌కు మాత్రం ఈ మోటార్ వద్దు, నీమా 17 సైజు స్టెప్పర్ కొనండి.